తెల్లగా మెరిసే 2 పెన్స్: అపోహలు - వాస్తవాలు

బ్రిటిష్ నాణేలు చూసి చెప్పమని నాకు వచ్చే వాట్సాప్ ఫొటోల్లో ఎక్కువగా ఉండేది, మామూలుగా రాగి రంగులో ఉండాల్సిన 2 పెన్స్ తెల్లగా మెరుస్తున్నది. "అన్నా, దీని ముద్ర తప్పు లోహం మీద పడిందా?" అని అడుగుతారు. ఫొటో చూసి తేల్చలేను. తూకం ఎంతో చెప్పమంటాను.

అపోహ: రంగు వేరైతే లోహం వేరు.

వాస్తవం: రంగు ఎవరైనా మార్చగలరు. స్కూల్ ల్యాబ్‌లో రాగి నాణేన్ని జింక్ పొడి, కాస్టిక్ సోడాతో వేడి చేస్తే వెండిలా మెరుస్తుంది. దాన్నే మంట మీద పెడితే బంగారు రంగు. బ్రిటన్‌లో పిల్లలు ఏళ్ల తరబడి చేస్తున్న ప్రయోగమే ఇది. ఇంకోటి, ఇప్పటి 1, 2 పెన్స్ నాణేల లోపల ఉన్నది ఉక్కు. యాసిడ్ తగిలి రాగిపూత పోతే తెల్లబడతాయి. ఇవి కాక, పుట్టిన పిల్లలకు కానుకగా రాయల్ మింట్ (బ్రిటన్ టంకశాల) నిజంగానే వెండి పెన్నీలు (1 పెన్స్ నాణేలు) అమ్ముతుంది. అది పొరపాటు కాదు, వ్యాపారం.

అపోహ: తప్పు లోహం ఏదైనా కావచ్చు.

వాస్తవం: ఇంకో నాణేనికి చేసిన బ్లాంక్ (ముద్ర పడని బిళ్ల) 2 పెన్స్ బ్లాంకుల్లో కలిస్తేనే ఈ తప్పు జరుగుతుంది. అందుకే దాని తూకం ఆ ఇంకో నాణేనికి సరిపోవాలి. 2 పెన్స్ తూకం 7.12 గ్రాములు. తెల్లటిదీ అంతే తూగితే పూత అనుకోండి. 6.5 వస్తే 10 పెన్స్ బ్లాంక్ కావచ్చు, నా టెన్షన్ అక్కడ మొదలవుతుంది. అప్పుడు సంవత్సరం చూస్తాను. 6.5 గ్రాముల చిన్న 10 పెన్స్ వచ్చిందే 1992లో. 1988 నాటి 10 పెన్స్ 11.31 గ్రాములు, 28.5 మి.మీ. వెడల్పు. 2 పెన్స్ కాలర్ (ముద్ర పడేటప్పుడు బిళ్ల చుట్టూ ఉండే ఉంగరం) 25.9 మి.మీ., అందులో అది పట్టదు. అప్పటి 5 పెన్స్ అయితే 5.65 గ్రాములు, అది పడుతుంది. వేల్స్‌లో లాంట్రిసాంట్ దగ్గరున్న ఈ మింట్ 2024 దాకా వేరే దేశాల నాణేలూ కొట్టేది కాబట్టి వాటి తూకాలూ వెతకాలి. సరదా అంతా ఆ వెతుకులాటలోనే.

అపోహ: 10 పెన్స్ బ్లాంక్ మీద పడితే అంచుకు గాట్లు ఉండాలి.

వాస్తవం: సరిగ్గా తిరగేసి చెప్పాలి. ఆ గాట్లు బ్లాంక్‌కు ముందే ఉండవు, ముద్ర పడేటప్పుడు కాలర్ వేస్తుంది. 2 పెన్స్ కాలర్ నున్నగా ఉంటుంది. గాట్లున్న తెల్లటి 2 పెన్స్ ఎవరైనా చూపిస్తే నాకు ముందు అనుమానమే. బిళ్ల చిన్నది కాబట్టి అంచు దగ్గరి అక్షరాలు సరిగ్గా పడకపోవడం మాత్రం సహజం.

అపోహ: అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ, లేదా అరుదు.

వాస్తవం: 1, 2 పెన్స్ 1992 నుంచి రాగిపూత వేసిన ఉక్కు. 5, 10 పెన్స్ 2011-12లో నికెల్ పూత ఉక్కుకు మారాయి. ఇవన్నీ అంటుకుంటాయి. 1998 నాటి 2 పెన్స్‌లో మాత్రం కంచువీ ఉన్నాయి, ఉక్కువీ ఉన్నాయి, రెండూ మామూలే.

"టూ పెన్స్" బదులు "న్యూ పెన్స్" అని పడిన 1983 నాటి 2 పెన్స్, సంవత్సరం లేని 2008 నాటి 20 పెన్స్ కూడా కొందరు ఈ లెక్కలో వేస్తారు. అవి డై (ముద్ర వేసే అచ్చు) తప్పులు. లోహం సరైనదే.

ఈబేలో ఎవరో వేలల్లో అడిగారని కూడా పంపుతుంటారు. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. నాకు పంపేటప్పుడు రెండు దశాంశాల దాకా తూకం, వెర్నియర్‌తో కొలిచిన వెడల్పు, అంచు ఫొటో పెట్టండి. దయచేసి ముందే చింతపండుతో తోమకండి.