చివరి బస్సు తప్పిన కోడి

"అన్నా, నాలుగు పెట్టల్ని తెచ్చి పది రోజులైంది. ఒక్క గుడ్డు లేదు. దిష్టి తగిలిందంటూ మా అత్త గూటికి నిమ్మకాయ కడతానంటోంది. కట్టించమంటావా?"

ఫోన్ చేసింది మా చిన్నాన్న కొడుకు. బెంగళూరు మారతహళ్లి వెనకాల సైటు కొని ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి పక్కన మిగిలిన ఆరడుగుల జాగాలో కోళ్ల గూడు పెట్టించాడు. నిమ్మకాయ కడితే వచ్చే నష్టమేమీ లేదు. ఇంకో మూడు నాలుగు రోజుల్లో గుడ్లు ఎలాగూ వస్తాయి, పేరు మాత్రం నిమ్మకాయకి పోతుంది. నా ఏడుపల్లా అదే.

కె.ఆర్.పురం దగ్గర నేను మొదటిసారి కోళ్లు కొన్నప్పుడు అమ్మినతను "రేపట్నుంచే గుడ్డు సార్" అన్నాడు. 12 రోజులు పట్టింది. అతను అబద్ధమాడలేదు, అతని దగ్గర ఉన్నప్పుడు పెట్టిన మాట నిజమే. దారిలో జరిగిందేమిటో చెప్పాలంటే కోడి కడుపులోకి చూడాలి.

గుడ్లు పెట్టే కోడిని ఇంట్లో కోసినప్పుడు చూసినవాళ్లకి ఆ గుత్తి గుర్తుండే ఉంటుంది. ఆవగింజంతవి లెక్కలేనన్ని, శనగగింజంతవి కొన్ని, ఆ పైన రేగుపండంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి. అవన్నీ పచ్చసొనలే, వరసలో నిలబడ్డాయి. శనగగింజ సైజు నుంచి 35 మిల్లీమీటర్ల పండు సొన కావడానికి ఒక్కోదానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. కోడిని బుట్టలో కుక్కి, ఆటోలో కుదిపి, ముక్కూ మొహం తెలియని చోట దింపితే దాని ఒంట్లో కార్టికోస్టెరాన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, మేత తగ్గుతుంది. మెదడు వైపు నుంచి వచ్చే హార్మోన్ల అండ తగ్గేసరికి వరసలో ముందున్న పెద్ద సొనలు వాడిపోతాయి, ఒళ్లు వాటిని తిరిగి పీల్చేసుకుంటుంది. కోడి కుదుటపడ్డాక శనగగింజల దగ్గర్నుంచి మళ్లీ మొదలు. కుదుటపడటానికి మూడు నాలుగు రోజులు, సొన పండటానికి వారం పది రోజులు, పైన పెంకు కట్టడానికి ఒక రోజు. కలిపితే దిష్టి లెక్క తేలిపోతుంది.

వాడికి ఇంకో అనుమానం. "సరే, మొదలుపెట్టాక రోజుకొకటి పెడుతుందిగా?" పెట్టదు. నాకు కోళ్లలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మా గోధుమరంగు పెట్ట గుడ్డు పెట్టిన వేళలు ఒక వారం పాటు ఫోన్‌లో రాసుకున్నాను. సోమవారం 7:15. మంగళవారం 8:50. బుధవారం 9:40. గురువారం 10:35. శుక్రవారం 12:45. శనివారం ఏమీ లేదు. ఆదివారం మళ్లీ పొద్దున్నే 7:30.

మెజెస్టిక్ బస్టాండు దగ్గర పనిచేసే మనిషిని ఊహించుకోండి. ఇతని రోజుకి 24 గంటలు కాదు, 25 పైచిలుకు. బస్సులు మాత్రం రాత్రిపూట ఎనిమిది పది గంటలే తిరుగుతాయి. మొదటి రోజు మొదటి బస్సే దొరికింది. మర్నాడు గంట ఆలస్యంగా వచ్చాడు, బస్సుంది. ఆ మర్నాడు ఇంకో గంట ఆలస్యం, అయినా ఉంది. ఇలా జరుగుతూ జరుగుతూ ఒక రోజు వచ్చేసరికి చివరి బస్సు వెళ్లిపోయింది. ఇక పగలంతా స్టాండులో కూర్చుని, చీకటి పడ్డాక వచ్చే మొదటి బస్సు ఎక్కాలి. లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

ఆ మనిషి పండిన సొన. బస్సు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఒక్కసారిగా వదిలే ఎల్‌హెచ్ హార్మోన్. ఈ ఎల్‌హెచ్ ఉప్పెన వచ్చిన నాలుగు నుంచి ఆరు గంటలకి సొన అండాశయం నుంచి విడుదలవుతుంది. అక్కణ్ణుంచి గుడ్డు తయారయ్యే గొట్టం. దాని మొదట్లోని గరాటులో పావుగంట, తెల్లసొన చుట్టుకునే భాగంలో మూడు గంటలు, పొర కట్టేచోట గంట పైన, పెంకు గదిలో 20 గంటలు. మొత్తం 24 నుంచి 26 గంటలు. గుడ్డు బయటపడిన అరగంటకి తర్వాతి సొన విడుదల కావాలి. కానీ ఉప్పెన రావడానికి తలుపు తెరిచి ఉండేది చీకటిని బట్టి నడిచే ఆ ఎనిమిది పది గంటలే.

ఇప్పుడు మా పెట్ట శుక్రవారం లెక్క చూడండి. గుడ్డు 12:45కి. తర్వాతి సొన 1:15కి విడుదల కావాలంటే ఎల్‌హెచ్ ఉప్పెన పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో వచ్చి ఉండాలి. అప్పటికే తెల్లారిపోయింది, తలుపు మూసేశారు. ఆ సొన శుక్రవారం రాత్రి దాకా ఆగింది. నడిరేయి దాటాక ఉప్పెన, శనివారం తెల్లవారి విడుదల, ఆదివారం 7:30కి బుట్టలో గుడ్డు. శనివారం కోడి సెలవు పెట్టలేదు, ఆ రోజంతా లోపల పనిలోనే ఉంది.

ఈ బస్సుని పిలిచేది కూడా సొనే. పండిన పెద్ద సొన గోడల నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మెదడుని తడుతుంది, దానికి జవాబుగా ఎల్‌హెచ్, ఆ ఎల్‌హెచ్ వల్ల మరింత ప్రొజెస్టెరాన్, దాంతో ఇంకా ఎల్‌హెచ్. అందుకే అది ఉప్పెన. పగటివేళ సొన ఎంత పిలిచినా మెదడు పలకదు. ఏళ్ల తరబడి ఎంపిక చేసి పెంచిన ఫారం కోళ్లలో ఈ రోజువారీ ఆలస్యం నిమిషాల్లోకి దిగిపోయింది, అందుకే ఏడాదికి 300 గుడ్లు దాటుతాయి. నాటుకోడి డజనో పదిహేనో పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. అది బస్సు తప్పడం కాదు, ఉద్యోగానికే దీర్ఘకాలిక సెలవు.

బళ్లో గుడ్డు అడ్డకోత బొమ్మ గీసి భాగాలు గుర్తించమనేవారు. గాలిగది అని రాస్తే మార్కు. ఆ గుడ్డు ఏ వేళకి వచ్చిందో, ఎందుకు ఆ వేళకే వచ్చిందో ఒక్క మాస్టారూ అడగలేదు. పుంజు లేకుండా గుడ్డెలా వస్తుందని ఇప్పటికీ డిగ్రీ చదివినవాళ్లు నన్ను అడుగుతుంటారు. వస్తుంది. పొదిగితే పిల్ల రాదు, అంతే.

చీకటే తలుపు తెరుస్తుందన్నాను కదా. వెలుతురుని కోడి కళ్లతోనే చూడదు. పుర్రె గుండా లోపలికి దిగిన వెలుగుని మెదడులోని కణాలే నేరుగా పట్టుకుంటాయి. కళ్లు పనిచేయని బాతుల్లో కూడా జననగ్రంథులు వెలుగుకి స్పందిస్తాయని ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా 1930లలోనే చూపించాడు. గుడ్ల కోళ్లకి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుగు కావాలంటారు. బెంగళూరులో డిసెంబరు పగలు 11 గంటల 24 నిమిషాలు, జూన్‌లో ఎంత సాగదీసినా 13 గంటలకి కాస్త తక్కువే. కాబట్టి చిన్న బల్బు ఒకటి కావాలి, అదీ తెల్లవారుజామున. సాయంత్రం వేసి టక్కున ఆర్పేస్తే కోళ్లు కర్ర ఎక్కకుండా చీకట్లో నేలమీదే చిక్కుకుపోతాయి. మావాడి గూటి మీద వీధి ఎల్‌ఈడీ లైటు తెల్లార్లూ పడుతోందట. గోనెపట్టా అడ్డం కట్టమన్నాను. నిమ్మకాయ కట్టడానికి తీసిన దారం దానికి సరిపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కొనేది హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థ నుంచైనా, హెబ్బాళలో రూపుదిద్దుకున్న గిరిరాజ జాతైనా, ముందు అడగాల్సింది కొక్కెర తెగులు టీకా వేశారా అని. మొదటి వారం గూట్లోనే ఉంచి తలుపు వేయాలి. ఇల్లేదో తెలిస్తే తర్వాత సాయంత్రానికి అవే లోపలికి వస్తాయి. నాలుగూ ఒకేసారి తేవడం మంచిది. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవొచ్చో పై నుంచి కింద దాకా వరస ఉంటుంది. నార్వేవాడు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె 1920ల మొదట్లో దాన్ని రాసిపెట్టాడు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకి దీని మీద పాఠం అక్కర్లేదు. నెత్తురు కారనంతవరకు మీరు మధ్యలో దూరొద్దు.

పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి, కోడి మేత మేయని వేళ. ఒక పెంకుకి రెండు గ్రాముల పైచిలుకు కాల్షియం కావాలి, రక్తంలో ఏ క్షణానైనా ఉండేది మిల్లీగ్రాములే. లోటు ఎముకల నుంచి తీస్తుంది. అందుకే ఆల్చిప్పల నూక సాయంత్రం పెట్టాలి, కడుపులో రాత్రంతా మెల్లగా కరుగుతూ ఉంటుంది. తక్కువైతే తోలుగుడ్డు వస్తుంది. కుక్క మొరిగి భయపెడితే కోడి గుడ్డుని గంటలకొద్దీ బిగబట్టుకోగలదు. అప్పుడు పెంకు మీద సున్నం అదనంగా పేరుకుని, గోధుమరంగు గుడ్డు విబూది పూసినట్టు తెల్లగా వస్తుంది. అది చూసి కూడా మా వీధిలో ఒకావిడ దిష్టే అంది.

పద్నాలుగో రోజున మావాడు ఫొటో పంపాడు. పావురం గుడ్డుకి కాస్త పెద్దది, పాలిపోయిన రంగు. బుట్ట వదిలేసి సంపు మూత మీద పెట్టిందట.

"తినేయనా అన్నా?"

"బుట్టలో పెట్టరా. అమ్మమ్మ ఎప్పుడూ ఒక గుడ్డు వదిలేసేది, గుర్తులేదూ? దాన్ని చూస్తే మిగతావీ అక్కడే పెడతాయి. ఇంతకీ ఎన్నింటికి పెట్టింది?"

"ఏడూ నలభైకి."

"అయితే రేపు తొమ్మిది దాకా గూటి దగ్గరికి పోకు."