హార్డ్ డిస్క్‌లో గాలిని తోడేస్తే పోదా?

"హార్డ్ డిస్క్‌కు గాలే ఇబ్బంది అంటున్నారు కదా సార్, ఆ గాలిని తోడేస్తే పోదా?" అని కర్నూలులో డిగ్రీ చదివే ఒక విద్యార్థి అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! తోడేయలేం. సమాచారం చదివే హెడ్ నిలిచేదే గాలి మీద. సమాచారం రాసి ఉండే పళ్లెం తిరుగుతూ తనతో పాటు గాలిని లాక్కొస్తుంది. ఆ గాలి హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఇరుకు సందులో దూరి, ఒత్తిడి పెంచి, స్ప్రింగు నొక్కుడుకు ఎదురుగా హెడ్‌ను ఎత్తిపట్టుకుంటుంది. ఆ సందు కొద్ది నానోమీటర్లే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). గాలి లేకపోతే హెడ్ పళ్లేన్ని గీరేస్తుంది.

చిక్కంతా సందు బయటి గాలితోనే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే 95 మిల్లీమీటర్ల పళ్లెం అంచు వేగం గంటకు దాదాపు 129 కిలోమీటర్లు. ఆ గాలికి అడ్డంగా హెడ్‌ను మోసే ఆర్మ్ ఉంటుంది.

నీళ్లు నిండుగా పారేటప్పుడు కర్నూలు వంతెన మీది నుంచి తుంగభద్రను చూడండి. స్తంభం వెనక ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన సుడి విడిపోతుంది. విడిపోతూ ప్రతి సుడీ స్తంభాన్ని పక్కకు తోస్తుంది. స్తంభం కదలదు. సన్నని అల్యూమినియం ఆర్మ్, దాని కొసన ఉన్న పలచని ఉక్కు రేకు మాత్రం వణుకుతాయి. పళ్లెం మీద సమాచారం ట్రాకులనే గుండ్రటి వరుసల్లో ఉంటుంది. ట్రాకుకూ ట్రాకుకూ ఎడం సుమారు 50 నానోమీటర్లు. అందులో పదో వంతు తొలగినా రాత చెడుతుంది. పైగా తుంగభద్ర సుడులు కృష్ణకు సాగిపోతాయి, తిరిగి రావు. డిస్క్‌లో నది గుండ్రం. ఆర్మ్ చెదరగొట్టిన గాలి చుట్టు తిరిగి మళ్లీ ఆ ఆర్మ్ మీదికే వస్తుంది.

అందుకే ఇంజనీర్లు నదికి చేసే పనులే చేస్తారు. పళ్లెం అంచుకు ఆనుకున్నంత దగ్గరగా గట్టులా గోడ కడతారు, పళ్లెం అదురు తగ్గుతుంది. ఆర్మ్‌కు ఎగువన పళ్లేల మధ్య కదలని పలకలు దూర్చి ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తారు. ఒక మూలన పిల్లకాలువ తీసి కొంత గాలిని ఫిల్టర్ గుండా పంపుతారు, దుమ్ము అక్కడ చిక్కుతుంది. అయితే అడ్డు పెట్టిన ప్రతి పలకా మోటారు శక్తిని తింటుంది. గాలి రాపిడికి పోయే శక్తి తిరిగే వేగానికి సుమారు 2.8 ఘాతంలో, పళ్లెం వ్యాసానికి 4.6 ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం సగం చేస్తే ఖర్చు 24వ వంతుకు పడిపోతుంది! నిమిషానికి 15,000 చుట్లు తిరిగే డ్రైవుల్లో చిన్న పళ్లేలు వాడింది ఇందుకే.

ప్రవాహం సాఫీగా సాగుతుందా, సుడులు తిరిగి చెదురుతుందా అని అంచనా వేసే అంకెను రెనాల్డ్స్ సంఖ్య అంటారు. ఈ ప్రవాహానికి అది దాదాపు 1,13,000. మన కాలేజీల్లో "2,000 దాటితే సంక్షుబ్ధ ప్రవాహం" (చెదిరిన ప్రవాహం) అని బట్టీ పట్టిస్తారు. అది పైపులకు చెందిన అంకె అని చెప్పరు, నాకు బాధ కలిగించేది ఇదే. తిరిగే పళ్లేనికి హద్దు వేరు, అడ్డంగా ఆర్మ్ ఉంటే ఇంకా వేరు.

విద్యార్థి ప్రశ్నకు అసలు జవాబు గాలికి బదులు హీలియం వాయువు నింపడం. హీలియం జాడ మొదట దొరికింది సూర్యుడి కాంతిలో, ఆ కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే పరిశీలించారు. గ్రహణం పూట పిల్లలను గదిలో కూర్చోబెట్టే పెద్దలు వాళ్లకు ఈ కథ కూడా చెప్పాలి.

హీలియం సాంద్రత గాలిలో ఏడో వంతు. స్నిగ్ధత, అంటే జిగట గుణం మాత్రం గాలి కంటే కొంచెం ఎక్కువే. అద్భుతమంతా ఇక్కడే ఉంది. ఆర్మ్‌కు తగిలే దెబ్బ సాంద్రతను బట్టి ఉంటుంది, హెడ్‌ను మోసే పొర బలం ప్రధానంగా స్నిగ్ధతను బట్టి. దెబ్బ తగ్గింది, మోసే బలం మిగిలింది. రెనాల్డ్స్ సంఖ్య 14,000 దగ్గరికి దిగింది. అదురు తగ్గింది కాబట్టి పళ్లేలను పలచగా చేసి, దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. 2013లో హార్డ్ డిస్క్‌లు తయారుచేసే హెచ్‌జీఎస్‌టీ సంస్థ తెచ్చిన తొలి హీలియం డ్రైవ్‌లో 7 పళ్లేలు, 6 టెరాబైట్లు.

గాలి డ్రైవుల మీద చిన్న రంధ్రం, దాన్ని మూయవద్దన్న హెచ్చరిక ఉంటాయి. లోపలి, బయటి ఒత్తిడి సమం కావడానికి అది. హీలియం డ్రైవ్‌కు ఆ రంధ్రం ఉండదు. సన్నని సందు దొరికినా హీలియం జారిపోతుంది కాబట్టి మూతను లేజర్‌తో వెల్డింగ్ చేస్తారు.