అమెరికాలో పురావస్తువు, బెంగళూరులో ఆయుధం

అమెరికా నుంచి సంసారం సర్దుకుని బెంగళూరుకు వచ్చేస్తున్న తెలుగువాళ్లలో కొందరికి సామాను జాబితాలో ఒక వస్తువు దగ్గర కలం ఆగిపోతుంది: హాలు గోడకు తగిలించుకున్న పాత తుపాకీ. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని అక్కడి సమాఖ్య చట్టం సాధారణంగా ఆయుధంగానే లెక్కించదు. దేవనహళ్లి విమానాశ్రయంలో దిగితే మాత్రం అది పేలుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. మన చట్టానికి తుపాకీ మీద ఉన్న ఈ అనుమానం చాలా పాతది.

1857 తిరుగుబాటు తరువాత జనం చేతుల్లోంచి ఆయుధాలు లాగేసుకునే పని మొదలైంది. వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం దాన్ని స్థిరపరిచింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్‌కు మినహాయింపు. బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లో ఇదే అన్నిటికన్నా నల్లనిదని 1918లో గాంధీ రాశారు. అహింసావాది నోట ఆ మాట రావడం ఇప్పటికీ చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

దిగుమతి అంటే ప్రభుత్వానికి ఎందుకంత గుబులో 1914 ఆగస్టు 26న కలకత్తాలో జరిగిన సంఘటన చెబుతుంది. తుపాకుల వ్యాపారం చేసే రోడా కంపెనీ విదేశం నుంచి తెప్పించుకున్న సరుకు కస్టమ్స్ నుంచి విడిపించాక ఏడు ఎద్దుబండ్లలో బయలుదేరింది. గోదాముకు ఆరే చేరాయి. ఏడో బండిలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు. అవన్నీ బెంగాల్ విప్లవకారుల చేతికి వెళ్లాయి. ఈనాడు సేకర్తలు కళ్లకద్దుకునే మౌజర్లు అవే రకం!

స్వాతంత్ర్యం వచ్చాక జాతి తేడా పోయింది గానీ అనుమానం పోలేదు. 1959 ఆయుధాల చట్టం, 1962 నిబంధనలు లైసెన్సు లేకుండా దిగుమతి కుదరదన్నాయి. అయినా ఆ నిబంధనల్లో చారిత్రక ఆయుధాలకు, వింత వస్తువులకు నాలుగో కేటగిరీ అంటూ ఒక గూడు ఉండేది. 1980లలో వ్యక్తిగత దిగుమతికి దాదాపు తలుపు మూసేశారు. దాంతో దేశంలో అప్పటికే ఉన్న ఇంగ్లిష్ తుపాకులే చేతులు మారుతూ వచ్చాయి.

మిగిలిన కిటికీ పేరు నివాస మార్పిడి. కనీసం ఏడాది ఉండేందుకు భారత్‌కు వచ్చేవారు ఒక్క తుపాకీ తెచ్చుకోవచ్చు. అది విదేశంలో కనీసం ఏడాది తమ దగ్గర ఉండి వాడుకలో ఉన్నదై ఉండాలి, ఇక్కడి లైసెన్సు చేతిలో ఉండాలి, సుంకం కట్టాలి. తెచ్చాక అమ్మకూడదు, అరువివ్వకూడదు. బెంగళూరు నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్ కాబట్టి పెట్టెలు ఓడ ఎక్కకముందే ఆ పని చూసుకోవడం తెలివి.

అంతా సరిపోయినా అసలు ముడి బోరు దగ్గర, అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత దగ్గర పడుతుంది. సైన్యం వాడే తూటా పట్టే తుపాకీ నిషిద్ధ బోరు. సేకర్తలు మోజుపడే లీ ఎన్‌ఫీల్డ్ .303, వెబ్లీ .455, జర్మన్ లూగర్ 9 ఎంఎం మూడూ ఆ జాబితాలోవే. రెండు ప్రపంచ యుద్ధాల జ్ఞాపకాలు కావాలనుకున్నవారికి ఇంతకన్నా నిరాశ ఉండదు.

1959 చట్టంలోని 45వ సెక్షన్ ఒక ఊరట ఇస్తుంది. కాలం చెల్లిన తీరుదో, పురాతన విలువ గలదో అయి, మరమ్మతు చేసినా పేలని ఆయుధానికి చట్టం వర్తించదు. ‘మరమ్మతు చేసినా’ అన్నదే కీలకం. తుప్పు పట్టి మూలపడింది కదా అంటే చాలదు. పనివాడి చేతిలో పడితే మళ్లీ పేలేదైతే అది ఆయుధమే.

2019 సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం వింత వస్తువుల కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు సంపాదించుకోవడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలన్నా మాత్రం లైసెన్సు కావాలి. ఈ సడలింపు చూసి విదేశీ వేలంలో పాట పాడేవాళ్లు గమనించాల్సింది ఇదే: అందులో దిగుమతి ఊసు లేదు.