కరెంటు, నీళ్లు అన్నీ కలిపే అద్దె: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు చూపించడం, అగ్రిమెంట్లు రాయించడం, ఖాళీ చేసే రోజు లెక్కలు తేల్చడం నా పని. ‘కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ అన్నీ కలిపి’ అన్న మాట అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లల గదుల దగ్గరా వింటాను, కొండాపూర్, మణికొండ ఫ్లాట్ల దగ్గరా వింటాను. జనవరిలో సంతోషంగా సంతకాలు పెట్టుకున్న ఇద్దరే మే నెలలో గొడవపడి నాకు ఫోన్ చేస్తారు. చాలాసార్లు ఇద్దరిలో ఎవరూ మోసం చేసి ఉండరు. ఏవి కలిశాయో, ఎంతవరకు కలిశాయో కాగితం మీద పెట్టుకోకపోవడమే అసలు సమస్య.

అపోహ: అన్నీ కలిపి అంటే ఎంత వాడినా ఫర్వాలేదు.

ఓనరు తన పాత బిల్లులు చూసుకుని ఒక అంచనా వేసి ఆ అంకె చెబుతాడు. అది చలికాలం బిల్లు అయితే ఎండాకాలంలో లెక్క తప్పుతుంది. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా లాగుతుంది. రోజూ రాత్రంతా వేస్తే ఆ ఏసీ ఒక్కటే నెలకు 200 యూనిట్లు దాటించేస్తుంది. అప్పుడు ఓనరు ‘ఏసీ తక్కువ వాడండి’ అంటాడు, అద్దెకున్నవాళ్లు ‘కలిపే కదా ఇస్తున్నాం’ అంటారు. నేను రాయించే అగ్రిమెంట్లలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: నెలకు ఇన్ని యూనిట్ల వరకు అద్దెలోనే, ఆపైన యూనిట్‌కు ఇంత. ఇది ఇద్దరికీ మంచిది.

అపోహ: సబ్‌మీటర్ (ఒక్కో పోర్షన్ వాడకం తెలియడానికి ఓనరు పెట్టించే చిన్న మీటరు) ఉంది కాబట్టి మన కరెంటుకు మనమే కడుతున్నాం, ఇక తేడా రాదు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. తెలంగాణలో ఇంటి కరెంటు స్లాబుల మీద, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేట్ల మీద నడుస్తుంది. 2022-23 టారిఫ్ ప్రకారం నెల వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ. 3.40, ఆ తర్వాతి వాటికి రూ. 4.80. మొత్తం 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: తొలి 200కి రూ. 5.10 చొప్పున, ఆ తర్వాతి 100కి రూ. 7.70 చొప్పున. 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ (యూనిట్ల ధర) రూ. 820 అయితే, 201 యూనిట్లకు రూ. 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండొందల పైన!

ఇప్పుడు ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు ఉన్నాయనుకోండి. ఒక్కో పోర్షన్ 150 యూనిట్లు వాడింది. ఎవరి మీటరు వాళ్లకుంటే చెరో రూ. 580, ఇద్దరికీ కలిపి రూ. 1,160. ఒకే మీటరు కాబట్టి 300 యూనిట్లకు రూ. 1,790 పడుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీల వంటివి ఇంకా వేరే. అంటే పొదుపుగా వాడినా రూ. 630 అదనం. సబ్‌మీటర్ ఎవరి యూనిట్లు ఎన్నో చెబుతుందే గానీ, స్లాబును మార్చలేదు. అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడల రంగు కంటే ముందు మీటర్ల బోర్డు చూడండి. మీ పోర్షన్‌కు డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) మీటరు విడిగా ఉందా అని అడగండి.

అపోహ: ఉచిత కరెంటు సొంత ఇల్లున్నవాళ్లకే.

కాదు. 2024లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, మీరుండే ఇంటి సర్వీస్ నంబరు (కరెంటు బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు) లింక్ అయి ఉండాలి. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. నలుగురి వాడకం ఒకే మీటరు మీద పడే ఇళ్లలో ఈ లాభం దక్కడం కష్టం. మీ కార్డు మీద జీరో బిల్లు వస్తుంటే, అద్దెలో కరెంటు కోసం వేసిన మొత్తాన్ని తీసేయమని అడిగే హక్కు మీకుందని నేను గట్టిగా నమ్ముతాను. చిన్న జీతాలతో నెట్టుకొచ్చే కుటుంబాలకు ఆ డబ్బు పెద్ద మాట.

అపోహ: నీళ్లు ఎలాగూ ఫ్రీ.

జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా బోర్డు) నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ల లెక్కన వర్తిస్తుంది. కానీ బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పిస్తే ఆ ఖర్చు పథకంలోకి రాదు. ‘నీళ్లు కలిపే’ అన్నప్పుడు ట్యాంకర్లు కూడా కలిపేనా అని అడగండి. ఓనరును అడిగాక వాచ్‌మన్‌ని కూడా అడగండి, పోయిన ఎండాకాలం వారానికి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో ఆయనకు బాగా తెలుస్తుంది.

అపోహ: మొత్తం ఒకే అంకె, లెక్క సులువు.

నెలనెలా సులువే. ఏడాది తిరిగాక చూడండి. రూ. 20 వేలలో కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ వాటా రూ. 4 వేలు అనుకుందాం. 11 నెలల అగ్రిమెంట్ అయ్యాక పది శాతం పెంచితే రూ. 2 వేలు పెరుగుతుంది. అసలు అద్దె మీదే పెంచితే రూ. 1,600 చాలు. రెండు నెలల అడ్వాన్స్ కూడా అంతే, రూ. 32 వేలకు బదులు రూ. 40 వేలు కట్టాల్సి వస్తుంది. పెంపు, అడ్వాన్స్ రెండూ అసలు అద్దె మీదే అని ముందే మాట్లాడుకోండి.

పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకునే ఉద్యోగులకు ఇంకో సంగతి. ఆ మినహాయింపు ఇంటి అద్దెకే గానీ కరెంటు, నీళ్ల ఖర్చుకు కాదు. రశీదులో రెండూ విడివిడిగా రాయించుకోండి. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా కావాలి. ఇది చివరి నిమిషంలో అడిగితే ఇద్దరికీ టెన్షనే.

అపోహ: బిల్లు ఓనరే కడతాడు, మనకెందుకు?

ఓనరు కట్టకపోతే కరెంటు కట్ అయ్యేది మీరున్న ఇంటికే. సర్వీస్ నంబరు ఉంటే బిల్లు, పాత బాకీ ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందే చూడండి.

ఇంత చెప్పానని ఈ పద్ధతి చెడ్డదనుకోవద్దు. మూడు నెలల ప్రాజెక్టు మీద వచ్చినవాళ్లకు, ఒంటరిగా గదిలో ఉండి చదువుకునేవాళ్లకు ఇది నిజంగా హాయి. రోజంతా ఆఫీసులో ఉండి, ఏసీ లేకుండా గడిపేవాళ్లకు మాత్రం విడిగా కట్టుకోవడమే లాభం. ఏ పద్ధతైనా, సామాను దించిన రోజే మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజూ అలాగే చేయండి.