కొబ్బరిచెట్టు చుట్టూ ఎనిమిది

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. గద్దకి ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ మా మేనకోడలూ బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ గట్టు మీద కూర్చున్నాం. తెల్ల తల, ఇటుక రంగు రెక్కల గరుడపక్షి ఒకటి తోట అంచున చుట్లు కొడుతోంది. వైనతేయుడంటే గరుత్మంతుడే కాబట్టి ఆ ఏటి మీద దానికి హక్కుందనుకోవాలి.

"మావయ్యా, దాని రెక్క చూడు. ఆ కొబ్బరిచెట్టు మొవ్వులో మేకు దిగేసినట్టు లేదూ? నన్ను నెల రోజులు ఏడిపించింది ఇదే" అంది.

తను అమెరికాలో, అరిజోనాలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం నేర్చుకుంటోంది. అక్కడి పరీక్షలో నిటారు మలుపులుంటాయి. విమానాన్ని 50 డిగ్రీలు పక్కకి వంచి, ఎత్తు 100 అడుగులు కూడా అటూ ఇటూ కాకుండా పూర్తి చుట్టు తిరగాలి. అప్పుడు 60 కిలోల మనిషి సీటు మీద 93 కిలోల బరువుగా కూర్చుంటుంది. అది రెండు వారాల్లో పట్టుబడిందట. లొంగనిది 'ఎయిట్స్ ఆన్ పైలాన్స్'.

నేల మీద రెండు గుర్తులు ఎంచుకుని వాటి చుట్టూ 8 ఆకారంలో తిరగాలి. (మన తెలుగు ౮ కాదు, అలా తిరిగితే ఎక్కడ తేలతామో చెప్పలేం.) చుట్టు తిరుగుతున్నంతసేపూ రెక్క కొస ఆ గుర్తు మీదే ఉండాలి. నిజానికి రెక్క కొస కాదు, పైలట్ కంటి నుంచి రెక్కకి సమాంతరంగా సాగే చూపు. ఆ చూపు గానుగ కాడిలాంటిది. ఒక కొస చెట్టుకి, రెండో కొస విమానానికి కట్టినట్టు తిరగాలి.

మొదట్లో చెట్టు జారిపోతుంటే తను ఇంకాస్త వంచి చూసేదట, దగ్గరికీ దూరానికీ జరిగి చూసేదట. ఏం చేసినా చెట్టు నిలవలేదు. నేను పాతికేళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పినవాణ్ణి. పుల్ల తీసుకుని ఇసకలో గీశాను.

విమానం వంగినప్పుడు రెక్కలు ఇచ్చే బలం కూడా వంగుతుంది. అందులో నిలువు భాగం బరువు మోస్తుంది, అడ్డ భాగం విమానాన్ని లోపలికి లాగి తిప్పుతుంది. ఈ లాగుడుకీ బరువుకీ ఉన్న నిష్పత్తి వేగం వర్గాన్ని దూరంతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే వస్తుంది. చూపు చెట్టు మీద నిలవాలంటే, విమానం ఎత్తుకీ చెట్టు నుంచి దాని దూరానికీ ఉన్న నిష్పత్తి కూడా సరిగ్గా అంతే ఉండాలి. రెండు వైపులా కింద దూరం ఉంది, కొట్టేయండి. మిగిలింది: ఎత్తు అంటే వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించగా వచ్చేది. దూరం పోయింది, వంపు కోణం అసలు లెక్కలోకే రాలేదు!

పైలట్లు ఈ లెక్కని నాట్లలో, అడుగుల్లో పెట్టుకుని వేగం వర్గాన్ని 11.3తో భాగిస్తారు. 100 నాట్లకి, అంటే గంటకి 185 కిలోమీటర్లకి, 885 అడుగులు. ఆ ఎత్తులో చెట్టుకి 470 మీటర్ల దూరాన ఉంటే 30 డిగ్రీలు వంచాలి, 320 మీటర్లకి జరిగితే 40 వంచాలి. ఎత్తు మాత్రం అదే.

"మరి గాలి?" అన్నాను. ఆ టైముకి సముద్రం వైపు నుంచి గాలి తిరిగి, కొబ్బరి మట్టలన్నీ ఒకే పక్కకి దువ్వినట్టు ఊగుతున్నాయి.

టెన్షన్ అంతా అక్కడే. లెక్కలోకొచ్చేది నేల మీద వేగం. పది నాట్ల గాలి వెనక నుంచి తోస్తే 100 కాస్తా 110 అవుతుంది, ఎత్తు 1,070 అడుగులు కావాలి. అదే గాలి ఎదురైతే 90కి పడిపోతుంది, 717 చాలు. ఒకే చుట్టులో దాదాపు 350 అడుగులు ఎక్కి దిగాలి. కోనసీమలో నేల సముద్రమట్టానికి నాలుగైదు మీటర్లే కాబట్టి ఎత్తు మీటరు చూపించేది ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. తను నేర్చుకునే చోట నేలే వెయ్యి అడుగులకు పైన ఉంది, అది కూడా కలుపుకోవాలి.

చెట్టు ముందుకి జారితే దిగాలి, వెనక్కి జారితే ఎక్కాలి. ఎక్కుతుంటే వేగం తగ్గుతుంది, దాంతో కావలసిన ఎత్తు కూడా తగ్గి మనకి ఎదురొస్తుంది. కానీ కాలికి ఆ ఓపిక ఉండదు. చెట్టు వెనకబడగానే లోపలివైపు రడ్డర్ (తోక దగ్గరుండే చుక్కాని) పెడల్ తొక్కుతుంది. ముక్కు తిరుగుతుంది, రెక్క కొస వెనక్కొచ్చి చెట్టు మీద నిలుస్తుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. ప్రమాదమల్లా ఈ బాగుండడంలోనే ఉందని నాకనిపించింది. అలా అడ్డంగా జారుతున్న విమానంలో లోపలి రెక్క నెమ్మదిస్తుంది. దానికి తోడు పైలట్ కర్ర వెనక్కి లాగి వేగం పోగొట్టుకుంటే ముందు ఆ రెక్కే స్టాల్ అయి, అంటే పైకి మోసే బలం పోగొట్టుకుని, విమానం గిరగిరా తిరుగుతూ పడుతుంది. 800 అడుగుల్లో తేరుకునే చోటుండదు.

"రడ్డర్ మీద కాలు వెయ్యబోతే మా ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా నా మోకాలి మీద పెన్సిల్‌తో కొట్టేవాడు. నీలం మచ్చ పడింది" అంది.

రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో దిగే విమానాలు 30 డిగ్రీలకి మించి వంగడం మామూలుగా ఉండదు, జనాన్ని ఎక్కించుకుని చెట్ల చుట్టూ ఎవరూ తిరగరు, మరి ఇదంతా ఎందుకని అడిగాను. సమాధానం చెప్పకుండా గద్దకేసి చూసి, "అది సెకనుకి పది మీటర్లు వెళ్తోందనుకో, దాని లెక్కెంత?" అంది.

వంద బై తొమ్మిది పాయింట్ ఎనిమిది. మొవ్వుకి పైన పది మీటర్లు, కాస్త ఎక్కువ. చెయ్యి చాచి బొటనవేలితో కొలిచి చూశాను. సగం చెట్టెత్తు ఉంటుందేమో. సరిపోయిందో లేదో తేల్చేలోపే అది గాలికి ఎదురు తిరిగి, కిందికి జారి, ఏటి మీదికి వెళ్ళిపోయింది.