లైబ్రరీ సిబ్బందికి శిక్షణ: కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఏ లైబ్రరీకి వెళ్లినా డీఎస్సీకో, గ్రూప్స్‌కో, నెట్‌కో చదువుకునే పిల్లలు కనిపిస్తారు. వాళ్లు అడిగేవి ఏటా మారిపోతున్నాయి. వాళ్లకు జవాబు చెప్పాల్సిన మన సిబ్బంది నేర్చుకోవడం గురించి మాత్రం పాత మాటలే వినిపిస్తున్నాయి. అందులో కొన్ని ఇవి.

అపోహ: ఎంఎల్ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్రంలో పీజీ) చేసి ఉద్యోగంలో చేరాం. ఇంక చదివేదేముంది?

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యేనాటికి లెక్కల అధ్యాపకుడు. ఆ ఉద్యోగంలోకి వచ్చాకే లండన్ వెళ్లి గ్రంథాలయ శాస్త్రం చదివారు. మనమంతా పరీక్షల కోసం బట్టీపట్టిన ఆయన గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలు 1931లో వచ్చాయి.

ఇవాళ్టి సంగతే చూడండి. పీహెచ్‌డీ విద్యార్థి వచ్చి "సార్, ఈ జర్నల్ కేర్ లిస్టులో ఉందా?" అని అడుగుతాడు. పరిశోధన వ్యాసాలకు ఆమోదించిన జర్నళ్ల జాబితా అది. దాన్ని యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. జర్నల్ మంచిదో కాదో ఇప్పుడు సంపాదక మండలిని, సమీక్ష జరిగే తీరును, అడుగుతున్న ఫీజును చూసి తేల్చుకోవాలి. ఈ విషయం తెలియని లైబ్రేరియన్ పాత జాబితా తీసి చూపిస్తే నష్టపోయేది ఆ పిల్లవాడే.

అపోహ: కోహా పెట్టించాం, కంప్యూటర్ ఆపరేటర్ ఉన్నాడు. శిక్షణ అతనికిస్తే చాలు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. కోహా అంటే లైబ్రరీ పుస్తకాల జాబితాను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం ఎవరైనా చేసిపెడతారు. అందులో తెలుగు పుస్తకం దొరికేలా చేయాల్సింది మాత్రం మనమే. పేరును యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో కొట్టి అలాగే ఎక్కిస్తే, యూనికోడ్‌లో (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే అక్షర పద్ధతిలో) వెతికేవాళ్లకు ఆ పుస్తకం కనిపించదు. సర్వర్‌లో ఇండెక్సింగ్‌ను (వెతకడానికి సూచిక తయారుచేయడాన్ని) యూనికోడ్ భాషలను గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చకపోతే యూనికోడ్‌లో ఉన్నా తెలుగు సరిగ్గా వెతకదు.

ఇంకో చిక్కుంది. పుస్తకం అట్ట మీద "కథలు" అని ఉంటుంది, పాఠకుడు "కధలు" అని టైపు చేస్తాడు. ఫలితం సున్నా. పుస్తకం లేదనుకుని వెళ్లిపోతాడు, అది బీరువాలోనే ఉంటుంది. కంప్యూటర్‌లో పుస్తకం వివరాలు రాసే మార్క్ రికార్డులో 245 అనే గడిలో అసలు పేరు ఇచ్చి, 246లో ఈ రెండో రూపం కూడా ఇస్తే దొరుకుతుంది. ఒక్కో పుస్తకానికి నిమిషం పని. కానీ అది చేయాలని తట్టాలంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు కేటలాగింగ్ తెలియాలి, మన పాఠకుడు ఎలా రాస్తాడో కూడా తెలియాలి.

అపోహ: శిక్షణలు లైబ్రేరియన్లకే. అటెండర్‌కు ఎందుకు?

పాఠకుడు ముందు అడిగేది అటెండర్‌నే. పుస్తకాన్ని తిరిగి బీరువాలో పెట్టేదీ ఆయనే. పుస్తకాలను విషయాలవారీగా సంఖ్యలిచ్చి అమర్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, నవలలూ కథలూ 894.8273. పక్కనే 894.82712 అన్న పుస్తకం ఉందనుకోండి. అంకెలు ఎక్కువున్నాయి కాబట్టి పెద్ద సంఖ్య అనుకుని చాలామంది దాన్ని వెనక పెట్టేస్తారు. నిజానికి అది ముందు రావాలి. దశాంశాలను ఒక్కో అంకె చొప్పున పోల్చడం అరగంటలో నేర్పొచ్చు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క, మళ్లీ స్టాక్ వెరిఫికేషన్ దాకా బయటపడదు. ఆ అరగంట మనం ఇవ్వకుండా "వాళ్లకు రాదు" అనడం అన్యాయం.

అపోహ: డబ్బూ టైమూ లేవు.

డబ్బు సంగతి అపోహే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో కోర్సు వినడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. ఎస్వీ యూనివర్సిటీలో గ్రంథాలయ శాస్త్ర విభాగం మన ఊళ్లోనే ఉంది, సందేహం వస్తే వెళ్లి అడగొచ్చు.

టైము మాత్రం నిజమైన సమస్య. పుత్తూరు, పలమనేరు లాంటి చోట్ల శాఖా గ్రంథాలయంలో ఒక్కరే ఉంటే, తాళం వేసి శిక్షణకు ఎలా వెళ్తారు? వాళ్లకు బదులు మనిషిని పంపకుండా "రావట్లేదు" అని నింద వేయకూడదు. శిక్షణ పెట్టే అధికారులు తేదీతో పాటు ఆ ఏర్పాటు కూడా ముందే ఖరారు చేయాలి.

అపోహ: సర్టిఫికెట్ వచ్చిందంటే నేర్చుకున్నట్టే.

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్ల పదోన్నతికి ఓరియెంటేషన్, ఆటోమేషన్ శిక్షణ లాంటివి షరతులుగా ఉన్నాయి. కాబట్టి కాగితం అవసరమే, కాదనను. కానీ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపగానే సర్టిఫికెట్ మెయిల్‌కు వచ్చేసే వెబినార్లు ఎన్ని చూశామో! ఈసారి వర్క్‌షాప్‌కు వెళ్లేటప్పుడు మీ లైబ్రరీలో వెతికితే దొరకని పది తెలుగు పుస్తకాల పేర్లు రాసుకుని వెళ్లండి. వాటిని దొరికేలా ఎలా చేయాలో శిక్షకుడిని అక్కడే, మీ ముందే చేసి చూపించమనండి.