641 ముందు తలవంచిన సంఖ్య

4294967297. మన లెక్కలో చెప్పాలంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. 2ను 32 సార్లు వేసి గుణించి, ఒకటి కలిపితే ఇది వస్తుంది. 32 బిట్లతో రాయగల విలువలు 4294967296. అంటే, మన సంఖ్య ఆ హద్దుకు సరిగ్గా ఒక్క అడుగు అవతల ఉంది.

దీని కథ 1640లో మొదలవుతుంది. ఫ్రాన్సుకు చెందిన గణితవేత్త పియరీ ద ఫెర్మా 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ, వచ్చినదానికి ప్రతిసారీ ఒకటి కలిపి చూశాడు. 3, 5, 17, 257, 65537 వచ్చాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే! ఈ వరుసలో ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని నమ్మాడు, రుజువు మాత్రం దొరకలేదని ఒప్పుకున్నాడు. ఆరోది మన సంఖ్య.

1732లో స్విట్జర్లాండుకు చెందిన గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ దీన్ని పగలగొట్టాడు: 641 × 6700417.

వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలంటే 6542 భాగహారాలు చేయాలి. ఆయిలర్ తర్వాత రుజువు చేసిన సూత్రం ఈ శ్రమను ఎంత తగ్గిస్తుందో చూడండి. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యను తీసుకున్నా, 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే తలుపు తెరుచుకుంటుంది.

ఆ పెద్ద భాగహారం కూడా చేయకుండా 641 పని చేస్తుందని చూపవచ్చు. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 641ని రెండు రకాలుగా విడదీయండి: 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటిదాని ప్రకారం 5 × 2⁷ అనేది 641కి ఒకటి తక్కువ, కాబట్టి శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతానికి పెంచితే, 5⁴ × 2²⁸ శేషం 1 అవుతుంది. రెండోదాని ప్రకారం 5⁴, అంటే 625, శేషంలో −16తో సమానం. 16 అంటే 2⁴. దాన్ని 5⁴ స్థానంలో పెడితే −2³² శేషం 1 అని తేలుతుంది. అంటే 2³² శేషం −1. ఒకటి కలపగానే శేషం సున్నా! పదంకెల సంఖ్య కొద్ది వాక్యాల్లో లొంగిపోయింది.

ఇది ఫెర్మాకు ఎలా తప్పిపోయిందన్నది నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న. 2³⁷ − 1ను 223 భాగిస్తుందని అదే 1640లో, భాగించగల సంఖ్యలను ముందే వడకట్టే ఇలాంటి ఆలోచనతోనే కనిపెట్టినవాడు అతడే.

65537 తర్వాత ఈ వరుసలో మరో ప్రధాన సంఖ్య నేటిదాకా దొరకలేదు. ఘాతం 2²⁰గా ఉండే సభ్యుడికి 315653 అంకెలు. అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది. అయినా దాన్ని భాగించే సంఖ్య ఒక్కటైనా ఎవరి చేతికీ చిక్కలేదు. వెతికే దారి మాత్రం ఆయిలర్ వేసినదే: ఘాతానికి రెట్టింపు మెట్టు, మన సంఖ్యకు అది 64. తర్వాత ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ లూకా ఆ మెట్టును రెట్టింపు చేశాడు. దాంతో ఇక్కడ ఒక్కో మెట్టు 41,94,304 అవుతుంది. 1తో మొదలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కుతూ భాగించి చూస్తున్నారు.